తొమ్మిదింపావు ఆటో

మా తమ్ముడికి ఆటిజం. గడియారం చూడటం రాదు. కానీ పొద్దున తొమ్మిదింపావు అయిందని ఊళ్ళో అందరికంటే ముందు వాడికే తెలుస్తుంది. నీళ్ళ ట్యాంకు పక్కన వేపచెట్టు కింద, నీలం బ్యాగు రెండు చేతులతో పొట్టకు హత్తుకుని నిలబడతాడు. ఆటో రాగానే ఎక్కి డ్రైవరు వెనక ఎడమ చివర కూర్చుంటాడు. ఆ చోట ఇంకెవరైనా ఉంటే వాళ్ళు జరిగేదాకా కిందే నిలబడతాడు.

2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ ఆటో రాలేదు. రాదని వాడికి చెప్పాం. కాగితం మీద ఆటో బొమ్మ గీసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి చూపించాం. అయినా రోజూ వెళ్ళి నిలబడేవాడు. మెట్టలో ఏప్రిల్ ఎండ ఎట్లా ఉంటుందో ఇటువైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుంటే విదిలించుకునేవాడు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడి "ఈ రోజు లేదు" అని మూడుసార్లు అంటే, నాలుగోసారి వాడే "లేదు" అనుకుని ఇంటివైపు నడిచేవాడు. మళ్ళీ మర్నాడు తొమ్మిదింపావుకు అక్కడే. ఆ మూడు నెలలూ ఇదే.

తమ్ముడి లాంటి ఆరుగుర్ని పగలు ఉండే గదికి తీసుకెళ్ళే ఆటో అది. ఆగింది డబ్బు లేక. నెలకు 6,200 రూపాయలు తక్కువ పడినందుకు. నేను రాయాలనుకున్నది ఆ 6,200 గురించే.

మా ఊరు నెల్లూరు జిల్లాలో ఉదయగిరికీ వింజమూరుకీ మధ్య ఉంటుంది. నేను పొదుపు సంఘాల వీవోఏని, అంటే గ్రామ సంఘం సహాయకురాలిని. తీర్మానాల పుస్తకం, లోన్ లెడ్జరు, నగదు పుస్తకం రాయడం నా పని. ఎవరి కష్టం విన్నా ముందు నాకు అంకెలే కనిపిస్తాయి. తమ్ముడి విషయంలోనూ చివరికి అంకెల దగ్గరికే వచ్చాను.

వాడు 1996లో పుట్టాడు. నాలుగేళ్ళొచ్చినా మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. అమ్మ వాణ్ణి ఎత్తుకుని ఏఎస్ పేట దర్గాకు తీసుకెళ్ళి నలభై రోజులు నిద్ర చేసింది. పెంచలకోనలో పొర్లుదండాలు పెట్టింది. అమ్మను నేను తప్పు పట్టను. అప్పట్లో మాకు తెలిసిన దారులు అవే. బడిలో వాణ్ణి చివరి బెంచీలో కూర్చోబెట్టారు. ఐదో తరగతి దాకా అలాగే కూర్చుని వచ్చాడు. తర్వాత వైకల్యాన్ని పరీక్షించే సదరం క్యాంపులో సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో బుద్ధిమాంద్యం అని రాశారు. రాసినవాళ్ళు కావాలని తప్పు రాశారని కాదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం అనే మాటే లేదు. 2016 చట్టం వచ్చాక వైకల్యాల సంఖ్య 21 అయింది, ఆటిజం ఆ జాబితాలో చేరింది. అప్పటికి వాడికి ఇరవై దాటాయి. నెల్లూరులో ఒక డాక్టరమ్మ నలభై ప్రశ్నల పట్టిక పెట్టుకుని అమ్మను ఒక పూటంతా ఓపిగ్గా అడిగి, ఇది ఆటిజం అని చెప్పేసరికి వాడికి ఇరవై మూడు. ఆ రోజు బస్సులో అమ్మ అడిగింది: "పేరు తెలిసిందిగా, ఇప్పుడేం చేస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. మండలంలో ఉన్న భవిత కేంద్రం బడి వయసు పిల్లలకు. జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రం 18 ఏళ్ళ లోపు వాళ్ళకు. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ వికలాంగుల పునరావాస కేంద్రం (సీఆర్‌సీ) ఉంది, అక్కడ పరీక్షలూ శిక్షణా ఉన్నాయి. కానీ మా ఊరి నుంచి నెల్లూరు ఎనభై కిలోమీటర్ల పైనే. బస్సు తలుపు గాలి చప్పుడుకి వాడు చెవులు మూసుకుని సీట్ల మధ్య కూర్చుండిపోతాడు. రెండుసార్లు ఆత్మకూరులోనే దిగేసి వెనక్కి వచ్చాం. నెల్లూరు దాకా వెళ్ళి, అక్కడి ఆత్మకూరు బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకుని ఆ కేంద్రానికి చేరినా, అక్కడ నేర్పింది మర్నాడు మా ఊళ్ళో ఎవరు కొనసాగించాలి? వారానికి ఒకసారి వెళ్ళి రావాలంటే అమ్మకో నాకో ఒక రోజు పని పోతుంది, వాడికి రెండు రోజులు నిద్ర పోతుంది.

మా వైపు వయసు ఎంతొచ్చినా ఇలాంటివాళ్ళను పిలకాయ అనే పిలుస్తారు. ప్రేమతోనే అంటారు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంటుంది. ముప్ఫైకి దగ్గరపడిన మనిషి వాడు. గడ్డం గీసుకోవాలి, చేతిలో సొంత డబ్బు ఉండాలి, పొద్దున లేచాక వెళ్ళడానికి ఒక చోటు ఉండాలి. పిలకాయ అనుకున్నంత కాలం ఇవేవీ మనకు గుర్తుకు రావు.

2022లో పాత పాలకేంద్రం గది ఖాళీగా ఉంటే పంచాయతీని అడిగి తీసుకున్నాం. మూడు పంచాయతీల నుంచి ఆరుగురు వస్తారు. నలుగురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. చిన్నవాడికి పందొమ్మిది, పెద్దామెకు ముప్ఫై నాలుగు. ఇంటర్ చదివిన ఒక అమ్మాయి వాళ్ళను చూసుకుంటుంది. అందరూ ఆమెను టీచరమ్మ అంటారు. నెల్లూరు వెళ్ళి కొద్దిరోజులు శిక్షణ తీసుకుంది, మిగతాదంతా వీళ్ళ దగ్గరే నేర్చుకుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఒకతను అరుస్తాడని ఆమెకు తెలుసు, అందుకే కోత వేళకు ముందే ఫ్యాను ఆపి విసనకర్ర చేతికిస్తుంది. మా తమ్ముడికి భుజం మీద చెయ్యి వేయకూడదనీ, అరచేతిలో గట్టిగా నొక్కితే నెమ్మదిస్తాడనీ తెలుసు. థెరపీ అనేది పెద్ద ఊళ్ళ మాట. మాకు కావలసింది ఒక మనిషి, ఆరుగుర్నీ ఆరు రకాలుగా ఎరిగిన మనిషి, రోజూ అదే టైముకు వచ్చే మనిషి.

గదిలో పని కూడా ఉంది. ఉదయగిరి చెక్క స్పూన్లు, గరిటెలు మీకు తెలిసే ఉంటాయి, భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న పని అది. అక్కడ ఒక పనివారి ఇంటి నుంచి కోసి చెక్కిన స్పూన్లు మాకు వస్తాయి. వాటికి ఉప్పు కాగితం పట్టడం మావాళ్ళ పని. స్పూనుకు రెండు రూపాయలు. మా తమ్ముడు చెక్క చారల వాలు చూసుకుని ఒక్కో వైపు సరిగ్గా ఇరవై సార్లు రుద్దుతాడు. తర్వాత బుగ్గకు ఆనించి చూసుకుంటాడు. గరుకు తగిలితే మళ్ళీ ఇరవై. రోజుకు పద్దెనిమిది స్పూన్ల దాకా చేస్తాడు. నెలకు 700 పైచిలుకు వస్తుంది. ఆ డబ్బు గదిది కాదు, వాడిది. దాంతో శనివారం అంగడికి వెళ్ళి చేగోడీల బొమ్మ ఉన్న కార్డు చూపించి తనే కొనుక్కుంటాడు. మొదటిసారి చిల్లర తీసుకుని నా చేతిలో పెట్టినప్పుడు నేను పక్కకు తిరిగి ఏడ్చాను.

ఇక లెక్క. టీచరమ్మ జీతం 9,000. ఆటోకు 6,500. మధ్యాహ్నం అన్నం, సాయంత్రం చిరుతిండి కలిపి 2,500. ఉప్పు కాగితం, బొమ్మల కార్డులు, సబ్బులు, తువ్వాళ్ళు 1,000. కరెంటు 400. మొత్తం 19,400. ఆరుగురికి ఒక నెలంతా. టీచరమ్మకు ఆ జీతం చాలదని నాకు తెలుసు. ప్రతి నెలా ఆ అంకె రాస్తుంటే చెయ్యి బరువెక్కుతుంది.

మనిషికి 500 చొప్పున ఇళ్ళవాళ్ళు 3,000 ఇస్తారు. మా సంఘాల్లో ఒక్కో సభ్యురాలు నెలకు పది రూపాయలు తీస్తుంది. పదిమంది సంఘానికి వంద, 42 సంఘాలకు 4,200. ఊళ్ళో అంగళ్ళవాళ్ళు కలిసి 3,000, రిటైరైన ఒక మాస్టారి దంపతులు 3,000. మిగిలిన 6,200 బెంగళూరులో కాంట్రాక్టు పనులు చేసే మా ఊరి అన్న ఒకాయన ఒక్కడే పంపేవాడు. మూడేళ్ళు ఒక్క నెల తప్పలేదు. 2025 మార్చిలో ఫోన్ చేసి, "అమ్మా, పనులు లేవు, నా వల్ల కావడం లేదు" అన్నాడు. ఆయన గొంతు విని నేనే సముదాయించాను. ఏప్రిల్ నుంచి గదికి తాళం.

పింఛను వస్తుంది కదా అని అడుగుతారు. వస్తుంది. 2024 జూలై నుంచి 3,000 కాస్తా 6,000 అయింది, ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. అది మాకు పెద్ద అండ, కాదనను. వాడి ఫిట్స్ మాత్రలు, బియ్యం, అమ్మ మందులు అందులోనే గడుస్తాయి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా కూడా ఉంది, ఏడాదికి లక్ష దాకా. థెరపీ ఖర్చుకూ వర్తిస్తుంది. కానీ థెరపీ చేసే మనిషే లేని చోట ఆ బిల్లు ఎవరు రాస్తారు? డబ్బు ఇంటింటికీ విడివిడిగా వస్తోంది. ఆరిళ్ళకు కలిపి ఒక మనిషిని పెట్టుకునే దారిలో మాత్రం రావడం లేదు.

ఆ మూడు నెలలూ నేను తిరగని చోటు లేదు. పంచాయతీకి 15వ ఆర్థిక సంఘం నిధులు వచ్చేవి. వాటిని జీతాలకు వాడకూడదని నిబంధన. ఎంపీ నిధులు అడుగుదామంటే, అవి ప్రధానంగా కట్టడాల వంటి స్థిరమైన ఆస్తులకు. కంపెనీల డబ్బు సంగతి చూద్దామనుకున్నాను. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. అదే చట్టం, కంపెనీ ఉన్న చుట్టుపక్కల ఊళ్ళకు ప్రాధాన్యం ఇవ్వమంటుంది. మా జిల్లాలో పెద్ద కంపెనీలు కృష్ణపట్నం వైపు, సముద్రం ఒడ్డున. మాకు దగ్గర్లో ఉన్నవి ఉదయగిరి దుర్గం కొండ, మామిడి తోటలు, పొగాకు బ్యారన్లు. అయినా ఒక సంస్థవాళ్ళు వచ్చి చూశారు. మంచివాళ్ళే, మర్యాదగా మాట్లాడారు. బిల్డింగు కట్టిస్తామన్నారు. గది ఉందండీ, మనిషికి జీతం ఇవ్వండి అన్నాను. నెలనెలా వచ్చే ఖర్చు మా పద్ధతిలో లేదన్నారు. మూడేళ్ళ ఆడిట్ లెక్కలు, పన్ను మినహాయింపుకు 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, కంపెనీల డబ్బు తీసుకోవడానికి సీఎస్ఆర్-1 నంబరు ఉన్నాయా అని అడిగారు. మాకున్నది నా నోటు పుస్తకం. వెళ్ళేటప్పుడు నాలుగు మూడు చక్రాల సైకిళ్ళు ఇచ్చి ఫోటో దిగారు. మా ఆరుగురికీ కాళ్ళు బాగానే ఉన్నాయి. ఆ సైకిళ్ళు పనికొచ్చే వాళ్ళను వెతికి ఇచ్చేశాం.

గోడకు డబ్బుంది, బండికి డబ్బుంది, ఒక రోజు క్యాంపుకు, దుప్పట్లకు, పండ్ల పంపిణీకి డబ్బుంది. మనిషికి లేదు. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళకు మనిషే కదా మందు!

మూత పడ్డాక ఏం జరిగిందో ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆ ముప్ఫై నాలుగేళ్ళామె పెద్దమనిషి అయినప్పటి నుంచి ఇంట్లోనే ఉంది. ఆడపిల్ల, ఏం జరిగినా చెప్పుకోలేని మనిషి, ఎవరేం చేస్తారోనని తల్లికి భయం. ఇరవై ఏళ్ళు ఆ తల్లి కూలికి పోలేదు, పెళ్ళికి పోలేదు, చావుకు పోయినా గంటలో తిరిగొచ్చేది. గది తెరిచిన రెండో నెలలో ఆ తల్లి నిమ్మతోటలో కోతకు వెళ్ళింది. సాయంత్రం కూలి డబ్బు కొంగులో ముడేసుకుని వచ్చి నాకు చూపించింది. ఏప్రిల్లో గది మూసేశాక ఆ ఇంటి తలుపుకు మళ్ళీ బయట గొళ్ళెం పడింది. తల్లి బయటి నుంచి గొళ్ళెం పెట్టి, కొడవలి తీసుకుని పనికి వెళ్ళి, రెండు గంటలకోసారి పరుగెత్తుకు వచ్చి చూసుకునేది. వారం తర్వాత పని మానేసింది.

ఆమె పని మానేసిన రోజు రాత్రి నేను ఇంకో లెక్క వేశాను. గది నడిచినప్పుడు మా ఆరిళ్ళలో నలుగురు తల్లులు కూలికి వెళ్ళారు. రోజుకు 300, నెలకు ఇరవై రోజులు. నలుగురికీ కలిపి 24,000. గది ఖర్చు 19,400. దానధర్మం కింద రాసుకునే డబ్బు కాదిది. పెట్టినదానికంటే ఎక్కువ తిరిగి ఊళ్ళోకే వస్తోంది. ఈ లెక్క మండల సమావేశంలో బోర్డు మీద రాసి చూపించాను. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వేరే ఊరి వీవోఏ ఒకామె నా దగ్గరకు వచ్చి, "అక్కా, మా ఇంటి పక్కన కూడా ఒకడున్నాడు" అంది.

ఈ పని పొదుపు సంఘాలు చేయగలవని నేనెందుకు నమ్ముతున్నానో చెప్పాలి. మా పక్కనే కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1992లో రోశమ్మ గారూ ఆ ఊరి ఆడవాళ్ళూ సారా బండ్లు అడ్డుకున్నారు. ఆ నిప్పు జిల్లా అంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. మా అమ్మ కూడా అప్పుడు ప్యాకెట్లు తగలబెట్టింది. సారాకు పోయే డబ్బు మిగిలాక రోజుకో రూపాయి పక్కన పెట్టారు. పొదుపు ఉద్యమం అలా ఇక్కడ వేళ్ళూనుకుంది. రాత్రి బడిలో సంతకం నేర్చుకున్న ఆడవాళ్ళు అంత పని చేశారు.

కేరళలో మన సంఘాల్లాంటి కుటుంబశ్రీ సంఘాలు, పంచాయతీలు కలిసి బడ్స్ అనే కేంద్రాలు నడుపుతున్నాయి. 2004లో తిరువనంతపురం దగ్గర వెంగానూరులో మొదలైంది. పిల్లలకు బడులు వేరు, 18 దాటినవాళ్ళకు పునరావాస కేంద్రాలు వేరు. నడిపే బాధ్యత స్థానిక సంస్థలది. ఇంట్లో చూసుకునే తల్లులకు ఆశ్వాసకిరణం పేరుతో నెలకు 600 ఇచ్చే పథకం కూడా అక్కడ ఉంది. 600 ఏమూలకు అనొచ్చు. కానీ ఆ తల్లి చేసేది పని అని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. మన 2016 చట్టం 24వ సెక్షనులోనే, ఎక్కువ సాయం అవసరమైనవాళ్ళకు సంరక్షకుల భత్యం ఇచ్చే మాట ఉంది. నేను కొత్తగా ఏదీ అడగడం లేదు. ఆ మాటను మా మెట్ట ఊళ్ళ దాకా తీసుకురమ్మంటున్నాను. ఇంటింటికీ భత్యంతో పాటు, ఆరేడుగురు ఉన్న చోట ఒక సహాయకురాలికి జీతం, ఒక ఆటోకు బాడుగ, ఊళ్ళోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం ఖాతాకు నెలనెలా రావాలి. అంగన్‌వాడీకి వస్తున్నట్టే. లెక్క మేం రాస్తాం. రాయడం మాకు బాగా వచ్చు.

హోంలో చేర్పించొచ్చు కదా అని బంధువులు అంటారు. ఊళ్ళో వాడికి టీ అంగడి తాత ఉన్నాడు, ఎప్పుడూ అదే స్టీలు గ్లాసులో పోస్తాడు. ఏ బర్రె ఎవరిదో వాడికి తెలుసు, తప్పిపోయిన దూడను రెండుసార్లు తోలుకొచ్చాడు. సాయంత్రం అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా వాణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. ఇదంతా వదిలించి తీసుకెళ్ళి తెలియని గదిలో పెడితే, దాన్ని సాయం అని నేననలేను. అమ్మకు అరవై మూడు. "నా తర్వాత" అని మొదలుపెట్టి ఆపేస్తుంది ఎప్పుడూ. నేనున్నా కదమ్మా అంటాను. నాకూ నలభై దాటాయి.

జులై మొదట్లో గది మళ్ళీ తెరిచాం. ఒక్కరి మీద 6,200 బరువు పెట్టడం నా తప్పేనని అర్థమైంది. బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లో ఉన్న మా ఊరి పిల్లలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. నెలకు 200 చొప్పున 31 మంది ఒప్పుకున్నారు. వాళ్ళలో సెంట్రింగు పని చేసేవాళ్ళున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్ళున్నారు, ఒక నర్సమ్మ ఉంది. కాంట్రాక్టరు అన్న కూడా 200 వేస్తున్నాడు. టీచరమ్మ ఆ మూడు నెలలూ బట్టల అంగట్లో పనికి కుదిరింది, పిలవగానే మానుకుని వచ్చింది. తెరిచిన రోజు మా తమ్ముడు ఆటో ఎక్కి తన చోట కూర్చుని, డ్రైవరు వీపు మీద వేలితో రెండుసార్లు తట్టాడు. వాడు ఒకరిని తనంతట తాను తాకడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ మూడు నెలల్లో వాడికి పట్టుకున్న, రాత్రంతా ఇంట్లో అటూ ఇటూ నడిచే అలవాటు తగ్గడానికి మాత్రం దసరా దాకా పట్టింది.

ఈ నెల 31 మందిలో 27 మంది వేశారు. మిగతా నలుగురికి రేపు ఫోన్ చేయాలి. మా మూడు పంచాయతీల్లో ఇల్లిల్లూ తిరిగి 18 దాటినవాళ్ళ పేర్లు పుస్తకంలో రాసుకున్నాను. పద్నాలుగు మంది తేలారు. ఆరుగురు వస్తున్నారు. మిగిలిన ఎనిమిది మందిలో ఇద్దరి తల్లులు వారం వారం అడుగుతున్నారు, ఆటోలో చోటు ఎప్పుడు దొరుకుతుందని. రెండో ఆటోకు ఇంకో 6,500 కావాలి. వచ్చే గ్రామసభలో ఈ ఎనిమిది పేర్లూ చదివి వినిపించి, తీర్మానం రాయమని అడగబోతున్నాను.